మిగతా కథ వెండితెర మీద

1974 మే 19, ఆదివారం

నిప్పు ఎవరిది? ఇది చదువుతున్నవాడా, నిన్నే అడుగుతున్నాను. దేవుడిదా, మనిషిదా? జవాబు చెప్పకుండా పేజీ తిప్పావంటే నువ్వు పిరికివాడివి.

ఈ నోటుబుక్కు చదివేది నేనొక్కణ్ణే. అయినా ఇరవై ఏళ్లుగా నిలబడి మాట్లాడిన నోరు. కూర్చుని రాస్తున్నా ఎదురుగా మనుషులున్నట్టే ఉంటుంది.

పొద్దున పేపర్లో వచ్చింది. ఎడారిలో నేల కింద మన దేశం అణుబాంబు పేల్చిందట. శాంతి కోసమట. మా వీధి చివర హోటల్లో జిలేబీలు పంచారు. నేను పేతురు రెండో పత్రిక మూడో అధ్యాయం తీశాను. ఆకాశాలు మహాధ్వనితో పోతాయనీ, పంచభూతాలు వేడికి కరుగుతాయనీ ఉన్న చోటు. "ఆ రోజు మీ గుమ్మం దాకా వచ్చింది! ఈ నిప్పు దేవుడిది!" అని అరిచాను. ప్రార్థన షెడ్డు రేకులు దద్దరిల్లాయి. ముందు వరసలో ఉన్న అమలమ్మ కళ్లు తిరిగి పడిపోయింది. ఆమె పడిపోతే నాకు లోపల సంతోషం కలిగింది. నిజం కాబట్టి రాసుకుంటున్నాను.

సాయంత్రం గవర్నర్‌పేటలో గోడ మీద చేత్తో రాసిన పోస్టర్ కనబడింది. లారీల మీద అక్షరాలు రాసి బతికేవాణ్ణి కాబట్టి ముందు రాత చూశాను. చెయ్యి తిరగని రాత. తర్వాత చదివాను.

'రెండూళ్ల బాంబు'. అందరూ మరిచిపోయిన వ్యంగ్య చిత్రం. జూన్ 2 ఆదివారం ఉదయం పది గంటలకు ఒకే ఒక్క ఆట. కాలేజీ ఫిలిం సొసైటీ. ప్రొజెక్టర్: షేక్ కాశిం.

ఆ సినిమా ఇంకా బతికే ఉందా? నేను తగలబెట్టాను కదా.

మే 20

నిద్ర లేదు. వరసగా రాసి పెట్టుకుంటే మనసు కుదుటపడుతుంది.

అరవై మూడు మార్చి. అప్పుడు చల్లపల్లి పక్కన ఉండేవాళ్లం. ఊరి చివర టూరింగ్ టాకీస్ డేరా వేశారు. కాశిం మిషను తిప్పేవాడు. వచ్చిన బొమ్మ ఇదే. నేను డేరాలో కాలు పెట్టే మనిషిని కాను. గేటు దగ్గర అమ్మే పాటల పుస్తకం మాత్రం ఎవరి చేతిలోనో కనబడితే లాక్కుని చదివాను. ఇప్పటికీ నా బైబిల్లో ప్రకటన గ్రంథం దగ్గర ఉంది. సాక్ష్యం కోసం దాచాను.

అందులో కథ ఇలా ఉంది. కాలవకి అటొక ఊరు, ఇటొక ఊరు. లాకు దగ్గర నీళ్ల తగాదా. అటు మోతుబరి పట్నం వెళ్లి ఒక అణుబాంబు కొనుక్కొచ్చి ఊరి మధ్య పెడతాడు. ఇటు మోతుబరి అంతకంటే పెద్దది తెస్తాడు. బాంబు అదిరి పేలుతుందేమోనని ఊళ్లో ఎవరూ తుమ్మకూడదని రెండు పంచాయితీలూ తీర్మానం చేస్తాయి. జలుబు చేసినవాళ్లని కొట్లో పెట్టి తాళం వేస్తారు. అప్పుడొస్తాడు దానియేలు అనే బోధకుడు. తెల్లచొక్కా, చంకలో బైబిలు. ఇది దేవుడు పంపిన అగ్ని అంటాడు. బాంబు మీద నూనె పోసి ప్రార్థన చేస్తాడు. తన గొడుగు కింద నిలబడితే ఆ నిప్పు అంటదని ఊరందరికీ గొడుగులు పంచుతాడు.

అక్కడికి కథ ఆగుతుంది. అన్ని పాటల పుస్తకాల్లోలాగే కింద ఒక ముక్క అచ్చేశారు. మిగతా కథ వెండితెర మీద చూడండి.

మిగతా నాకెందుకు? తెల్లచొక్కా నాది. చంకలో బైబిలు నాది. నా ప్రభువు మాటకి బఫూను వేషం కట్టించారు. మూడు రోజులు ఆ పుస్తకం చేత్తో పట్టుకుని సందు సందునా ప్రసంగించాను. మూడో రోజు మొదటాట వేళకి నలభై మంది నా వెనక ఉన్నారు. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి నిప్పు దింపిన ఏలీయా ప్రవక్తలాగా నడిచాను. మొదటి కాగడా నాది. ఎండకి ఎండిన డేరా గుడ్డ, పీల్చుకున్నట్టు అంటుకుంది. జనం తోసుకుంటూ బయటపడ్డారు. కాశిం రీళ్ల డబ్బాల కోసం లోపలికి పోయాడు. చేతులు కాలాయి.

ఆ రోజు ఎవరూ చనిపోలేదు.

మే 22

రాసింది మళ్లీ చదివాను. అంతా సరిగ్గానే ఉంది. ఆ రోజు ఎవరూ చనిపోలేదు.

మే 24

శౌరయ్య వచ్చాడు. లోకో షెడ్డులో ఖలాసీ. రైల్వే సమ్మెలో పని పోయింది. వీపు మీద పోలీసు దెబ్బలు ఇంకా కమిలే ఉన్నాయి. నేను చేయి పట్టుకుని బాప్తీస్మం ఇచ్చినవాడు.

"అన్నా, పోస్టర్ చూశారా?"

"చూశాను."

"చల్లపల్లి సంగతి ఎన్ని ఆదివారాలు చెప్పారన్నా మీరు! ఇన్నిన్ని సార్లు విని మా నెత్తురు ఉడికిపోయింది. ఇప్పుడు మా వంతు. పద్నాలుగు మందిమి. సైకిల్ చైన్లున్నాయి. రెండు డబ్బాల కిరసనాయిలుంది. ఆ కాశిం మిషను గదిలో ఉండగా బయట గడియ పెట్టేస్తే పీడా పోద్ది. మీరు ఊఁ అనండి చాలు."

నేను ఊఁ అనలేదు. వద్దనీ అనలేదు. "ప్రార్థన చేద్దాం" అన్నాను. వాడు కళ్లు మూసుకుని నవ్వాడు. వాడికేం అర్థమైందో నాకు తెలుసు.

మే 26, ఆదివారం

ఆరాధన అయ్యాక నేరుగా వన్‌టౌన్ వెళ్లాను. కాశిం అక్కడ ఫ్యాన్లు బాగుచేసే కొట్టు వెనక గదిలో ఉంటున్నాడు. ఆట ఆపేయమని చెప్పడానికే వెళ్లాను. బెదిరించడానికి కాదు. సరే, బెదిరించడానికే.

"ఎవరయ్యా?" అన్నాడు.

"ఏసుపాదం."

"ఏ ఏసుపాదం? కాగడా ఏసుపాదమా?" లోపలికి తిరిగి కేకేశాడు. "సాలేహా! కుర్చీ వెయ్యవే. పెద్ద స్టారొచ్చాడు మనింటికి!"

ఆయన భార్య సాలేహా కుర్చీ తెచ్చింది. నేను కూర్చోలేదు. ఆయన రెండు చేతుల వేళ్లూ ఒకదానికొకటి అతుక్కుని కరిగిన కొవ్వొత్తుల్లా ఉన్నాయి. పదకొండేళ్ల తర్వాత అప్పుడే చూశాను.

"వచ్చే ఆదివారం ఆట ఆపెయ్యి."

"ఆపకపోతే?"

"కుర్రాళ్లు ఊరుకునేట్టు లేరు."

"ఎవరి కుర్రాళ్లు? నీవాళ్లేగా! నీ కుక్కని నువ్వే ఉసిగొలిపి, కరుస్తది జాగ్రత్త అని చెప్పడానికొచ్చావా?" బీడీ ముట్టించుకోబోయాడు. అగ్గిపుల్ల వేళ్ల మధ్య నిలవలేదు. సాలేహా వెలిగించింది. "ఒక్క మాటడుగుతా, ఉన్నదున్నట్టు చెప్పు. ఆ బొమ్మ చూశావా నువ్వు?"

"పాపాన్ని చూడక్కర్లేదు. పుస్తకం చదివాను."

"ఏ పుస్తకం?"

బైబిల్లోంచి తీసి చూపించాను. దాన్ని దగ్గరికీ దూరానికీ పెట్టుకుని చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా, కళ్ల నీళ్లు వచ్చేదాకా.

"సాలేహా, ఇటు రావే! ఈయన పాటల పుస్తకం చదివి డేరా తగలెట్టాడంట! జనం టిక్కెట్టు కొనాలని సగం కథ రాసి ఆపుతారయ్యా స్వామీ! సగం! ఈయన ఆ సగానికే కాగడా పట్టాడు!"

సాలేహా నవ్వలేదు. "ఎట్టాగూ రీలు అతుకులు చూసుకోవాలన్నారు గదా. మిగతా సగం చూపించండి ఆయనకి" అంది.

కిటికీలు మూశారు. గోడకి తెల్ల దుప్పటి కట్టారు. చిన్న ప్రొజెక్టర్. రీలు ఎక్కించింది సాలేహాయే. ఆయన వేళ్లకి అది చేతకాదు. మధ్యాహ్నం మూడు గంటల ఎండ కిటికీ సందుల్లోంచి లోపలికి వస్తున్నా, దుప్పటి మీద మనుషులు స్పష్టంగానే కనబడ్డారు. నా జన్మలో చూసిన మొదటి సినిమా.

రెండో సగం ఇది. తుమ్మినందుకు కొట్లో పడ్డ ముసలమ్మ దగ్గరికి దానియేలు గొడుగు ఇవ్వడానికి వెళతాడు. ఆమె అడుగుతుంది: "అయ్యా, ఇది దేవుడి నిప్పయితే నా తుమ్ముకి ఎందుకు భయపడతంది?" అతను నోరు తెరిచి మూస్తాడు. అంతసేపూ నవ్వుతున్న కాశిం అక్కడ నవ్వు ఆపాడు. దానియేలు బయటికొచ్చి గొడుగు విరిచేస్తాడు. రెండు బాంబు బళ్లూ లాకు వంతెన మీద ఎదురెదురుగా వచ్చినప్పుడు మధ్యలో నిలబడతాడు. ఇది దేవుడిది కాదు, మీది, నాది, వెనక్కి తిప్పండి అంటాడు. జనం ముందు నవ్వుతారు. తర్వాత రాళ్లు. రాళ్లు అయిపోతే అతను పంచిన గొడుగులతోనే అతన్ని పొడుస్తారు. కళ్లలో, కడుపులో. వెనక పెళ్లి మేళం ఆగకుండా వాయిస్తూ ఉంటుంది. నలుపు తెలుపు బొమ్మ కాబట్టి చొక్కా మీద నెత్తురు నల్లగా ఉంది. కాలవలోకి జారిపోతాడు. జనం వంతెన మీద గొడుగులు తెరిచి నిలబడి విజయం అని అరుస్తారు. తర్వాత తెర అంతా తెలుపు. ఆ తెలుపులోంచి ఒక్క తుమ్ము.

అంతే. అయిపోయింది.

"నీలాంటోడే అందులో హీరో. నీ హీరోని నువ్వే కాల్చావు" అన్నాడు కాశిం. ఈసారి వెటకారం లేదు.

నేను గుమ్మం దాటుతుంటే సాలేహా అంది, "నవాబు గేటు దగ్గర నిలబడేవాడు. మా మరిది. పంతొమ్మిదేళ్లు."

బస్సెక్కలేదు. ఇంటిదాకా నడిచాను.

మే 27

ఆ రోజు ఎవరూ చనిపోలేదు.

నవాబు మూడో రోజు చనిపోయాడు. బందరు ఆసుపత్రిలో.

మూడో రోజు చనిపోయినవాడు ఆ రోజు చనిపోయినట్టు కాదు. పదకొండేళ్లు ఈ మాట మీద బతికాను. ప్రభువు మూడో రోజు లేచాడని ఎన్ని ఈస్టర్లకి ఎంత గొంతుతో అరిచానో. ఆ గొంతు కిందే ఇంకో మూడో రోజు పడుకుని ఉంది.

అతను తప్పించుకోగలిగేవాడు. గేటు దగ్గరే ఉన్నాడు. ఆడవాళ్ల వైపు దారి మూసుకుపోతే డేరా గుడ్డని భుజాల మీదికి ఎత్తి పట్టుకున్నాడు. కిందనుంచి ఆడవాళ్లు పాకుతూ వచ్చారు, ఒకరి తర్వాత ఒకరు. చివరి మనిషి వచ్చాక పైన మండుతున్న వెదురు విరిగి అతని మీద పడింది. లేచాడు. వెంట్రుకలకి అంటుకున్న మంటతో రెండడుగులు నా వైపే వచ్చాడు. నేను పక్కకి తప్పుకున్నాను. కాగడా ఇంకా నా చేతిలోనే ఉంది.

సాక్షులెవరూ ముందుకి రాలేదు. కేసు నిలవలేదు. దేవుడు విడిపించాడని సాక్ష్యం చెప్పాను, రెండు ఊళ్లలో.

మే 28

మా ఆవిడ సువార్తమ్మకి చెప్పాను. ఆమె గోంగూర ఒలుస్తోంది. సినిమాలో ఆ బోధకుడు చివరికి ఏం చేస్తాడో చెప్పబోయాను.

"లాకు మీద చచ్చిపోతాడు. నాకు తెలుసు" అంది తలెత్తకుండా.

"నీకెట్టా తెలుసు?"

"చూశా. మీరు తగలెట్టిన ముందురోజు. తెరేసమ్మొదినతో కలిసి. టిక్కెట్టు చింపతా ఆ నవాబు నవ్వాడు. 'అమ్మగారూ, మీ ఆయన చూస్తే మా డేరా పీకిస్తాడు' అని."

గోంగూర కాడలు ఒక పక్క, ఆకులు ఒక పక్క. ఆమె చేతులు ఆగలేదు.

"ఆరోజే ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే?"

ఆమె చెవి మీద జుట్టు పక్కకి తీసింది. అక్కడ ఒక మచ్చ. "సినిమా పాట కూనిరాగం తీశానని ఇది. సినిమా చూశానంటే తల మిగిలేదా?" జుట్టు మళ్లీ సర్దుకుంది. "ఏడ్చాను కూడా ఆ బొమ్మ చూసి. మా ఆయన కూడా ఒకనాడు ఇట్టాగే నిలబడతాడు అనుకున్నా."

నేను కొట్టానా? కొట్టే ఉంటాను. ఆ మచ్చ ఎప్పటిదో గుర్తులేదు. గుర్తులేదని రాయడం సుఖంగా ఉంది. గుర్తుంది. ఇత్తడి చెంబు.

మే 29

యేసుని పట్టుకోమన్న పెద్దల్ని నీకొదేము అడిగాడు. మనిషి చెప్పేది వినకుండా, వాడు చేసింది తెలుసుకోకుండా మన ధర్మశాస్త్రం తీర్పు చెబుతుందా అని. యోహాను ఏడో అధ్యాయం. ఆ వాక్యం మీద నేను కనీసం పదిసార్లు ప్రసంగించాను. ఎర్రసిరాతో గీత కూడా గీశాను. ఆ గీత గీసినప్పుడు పాటల పుస్తకం అదే బైబిల్లో ఉంది.

పేపర్లో వచ్చింది కూడా సగం కథే. జిలేబీలు పంచినవాళ్లు మిగతా సగం చూడలేదు. వాళ్లకంటే నేనే ఘోరం. వాళ్లు తీపి పంచారు, నేను ఆ నిప్పు దేవుడిదని గొడుగులు పంచాను.

మే 31

షెడ్డులో పద్నాలుగు మందినీ కూర్చోబెట్టాను. లూకా తొమ్మిది తీశాను. సమరయ ఊరువాళ్లు ప్రభువుని రానివ్వకపోతే, వీళ్ల మీద ఆకాశం నుంచి నిప్పు రప్పించమంటారా అని శిష్యులిద్దరు ఉత్సాహపడ్డారు. ఆయన గద్దించింది ఆ ఊరిని కాదు, ఆ ఇద్దర్నీ. అది చెప్పాను. నవాబు పేరు చెప్పాను. కాగడా మొదట నాదేనని చెప్పాను. ఆదివారం ఎవరూ కదలొద్దన్నాను.

శౌరయ్య లేచాడు. "అయితే ఇన్నేళ్లు మీరు చెప్పింది తప్పంటారు?"

"తప్పు."

"అది తప్పయితే ఇప్పుడు చెప్పేది ఒప్పని మాకెట్టా తెలుసన్నా?"

లూకా పేజీ మీద వేలు పెట్టి మళ్లీ చదవబోయాను.

"ఆ కాశిం ఎంతిచ్చాడన్నా?" అన్నాడు వెనకనుంచి ఒకడు. ఎవరో నవ్వారు. మొదటి దెబ్బ చైనుతో, మెడ వెనక. రెండోది బెంచీ కాలుతో, పక్కటెముకల మీద. కిందపడ్డాక దెబ్బలు వేటివో తెలియలేదు. నోట్లో రెండు పళ్లు కదిలాయి, ఒకటి మింగాను. వాళ్లలో ఒకడు కొడుతూ ఏడుస్తున్నాడు. శౌరయ్య డబ్బా మూత తీసి కిరసనాయిలు నా చొక్కా మీద వంచాడు. చల్లగా వీపులోకి దిగింది. కళ్లు మండాయి. అగ్గిపుల్ల గీశాడు.

"దేవుడి నిప్పయితే మీకు అంటదుగా అన్నా. నిప్పు దేవుడిదని మీరే చెప్పారుగా మొన్న బాంబు పేలినప్పుడు."

ఆ పుల్ల వాడి వేళ్ల వైపు కాలుతూ వచ్చింది. నేను వేడుకోలేదు అని రాయాలనుంది. వేడుకున్నాను. వాడి కాళ్లు పట్టుకున్నాను.

అంతలో సాయంత్రం ప్రార్థనకని అమలమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి కెవ్వున అరిచింది. శౌరయ్య పుల్ల ఆర్పేశాడు. "ఆదివారం పదింటికి వస్తాం. మీరు అడ్డం వస్తే మీతో కలిపే" అని వెళ్లిపోయారు. రెండో డబ్బా తీసుకెళ్లారు.

జూన్ 1

పోలీస్ స్టేషన్‌కి వెళ్లాను. రేపటి సంగతీ చెప్పాను, చల్లపల్లి సంగతీ చెప్పాను. రైటరు నా మూతి వాపు చూసి తాగానేమో అనుకున్నాడు. రేపటికి ఇద్దరు కానిస్టేబుళ్లని పంపిస్తామన్నాడు. "పదకొండేళ్ల నాటిదయితే సోమవారం కాగితం రాసుకురా" అన్నాడు. పంపిస్తే పంపిస్తారు.

అక్కణ్ణుంచి కాశిం దగ్గరికి. ఆట ఆపమని మళ్లీ అడిగాను. ఈసారి బతిమాలాను.

"ఆపితే ఏమవుద్దో తెలుసా? మళ్లీ పాటల పుస్తకం చదివినోళ్లే మిగుల్తారు" అన్నాడు. "ఒక్కటే ప్రింటుంది దేశం మొత్తం మీద. దీనికోసం చేతులు పోయినాయి. దాచుకోనా, చూపించనా?"

అప్పుడు స్టేషన్ సంగతీ చెప్పాను, అసలు సంగతీ చెప్పాను. "నీ తమ్ముణ్ణి చంపింది నేను. నా వైపు నడిచొస్తే పక్కకి తప్పుకున్నాను."

సాలేహా లోపలికి వెళ్లిపోయింది. కాశిం ఫ్యాను మోటారు ఒకటి రెండు చేతుల మధ్య పట్టి ఎత్తాడు. నా మొహాన కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

"రేపు గేటు దగ్గర మనిషి లేడు" అన్నాడు మోటారు కింద పెట్టి. "ఆట అయ్యాక బతికుంటే, సోమవారం కాగితం నేనే రాయిస్తా."

జూన్ 2, ఆదివారం, ఉదయం ఏడు గంటలు

తెల్లచొక్కా సువార్తమ్మ రెండుసార్లు ఉతికింది. కిరసనాయిలు వాసన పోలేదు. ఇస్త్రీ పెట్టె తీసి, మళ్లీ భయపడి పక్కన పెట్టేసింది. ముడతలతోనే వేసుకున్నాను.

"నువ్వెక్కడికి?" అన్నాను, ఆమె కూడా చెప్పులు వేసుకుంటుంటే.

"ఆడవాళ్ల వైపు గేటు ఎవరు చూస్తారంట?"

ఊపిరి పీలిస్తే పక్కటెముక గుచ్చుతోంది. భయంగా ఉంది. ఏలీయాలాగా లేదు. శౌరయ్య కాళ్లు పట్టుకున్నవాడిలాగే ఉంది. అయినా ఈ ఆదివారం నా ప్రసంగం షెడ్డులో కాదు, గేటు దగ్గర. మొదటి రోజు అడిగిన దానికి జవాబు దొరికింది: నిప్పు మనిషిది. నాది. నా చేతిలోంచి శౌరయ్య చేతికి పోయింది. దాన్ని వెనక్కి తీసుకోవలసిందీ నేనే.

గడియారం కొడుతోంది. ఇంకా రాస్తూ కూర్చుంటే మళ్లీ పక్కకి తప్పుకున్నట్టే.

లే, ఏసుపాదం. సగం చదివి తీర్పు చెప్పినవాడా, నువ్వూ లే. సోమవారం కాదు, కాగితం రాసుకున్నాక కాదు. ఏ గుమ్మం ముందు కాగడా పట్టుకుని నిలబడ్డావో ఆ గుమ్మానికి ఉత్త చేతులతో పో. పదింటికి ముందే పో. కలం కింద పెట్టు. ఈ రోజే. లే.